పట్టిన బ్రేకు

పోయిన వారం మనం సుచరితను రామన్నపేటలో అత్తగారింటి వాకిట్లో, ఇటుకల మీద నిలబెట్టిన పాత జిప్సీ బండి ముందు, చేతిలో పానాతో వదిలి వచ్చాం. ఆరేళ్ల కింద ఆ బండి బోల్తా పడే ఆమె భర్త విజేందర్ చనిపోయాడు. బ్రేకు పైపు పగిలిందనీ, ఆ పైపుకు అతుకు వేసింది తానేననీ, తప్పు తనదేననీ ఆమె మామ రాంచందర్ ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు. అప్పటిదాకా జీపులూ జిప్సీలూ బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల అతణ్ని మించినవాడు లేడు. ఆ రోజుతో అతని షెడ్డుకు తాళం పడింది. సుచరిత అతనితో మాట మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, ఏ మాటైనా అత్త బిక్షమ్మ నోటి మీదుగానే నడిపారు.

ఇప్పుడు సుచరితకు గుట్టల మీది తండాల నుంచి పాలు దించే పని దొరికింది. చినుకు పడితే ఆటోలు ఎక్కని దారి అది. నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. అలాంటి బండి ఇంటి ముందే తుప్పు పడుతూ ఉంది. మామ వద్దన్నాడు. ఆమె జాకీ ఎత్తింది.

నెల తిరిగాక ఒక ఆదివారం పొద్దున్నే గాలి లేచింది. మిరుగు కార్తె దగ్గరపడ్డప్పుడు అక్కడ లేచే గాలి అది. వాన తేదు, దుమ్ము తెస్తుంది, మనిషిని ఒక్క చోట కుదురుగా కూర్చోనివ్వదు. ప్రార్థనకు కట్టుకుందామని తీసిపెట్టుకున్న చీర మంచం మీద అట్లాగే ఉండిపోయింది. మందిరం మైకులోంచి పాట గాలికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తోంది. సుచరిత మాత్రం పంజాబీ డ్రెస్సు మీద విజేందర్ పాత చొక్కా తొడుక్కొని, చేతులు మోచేతుల దాకా మడుచుకొని, బండి చుట్టూ తిరుగుతోంది.

ఇంజన్ ఎప్పుడో దారికి వచ్చింది. ఫోన్లో వీడియోలు చూసి, భువనగిరిలో పాత సామాన్ల దుకాణం వాళ్లను విసుగు పుట్టేదాకా అడిగి, కార్బొరేటర్ విప్పి కడిగింది. ఫోర్‌వీల్ గేరు కడ్డీ బిగుసుకుపోయి ఉంటే డీజిలు పోసి నానబెట్టి, రోజూ కొంచెం కొంచెం కదిలించి లొంగదీసింది. కింద రేకు తినేసిన చోట వెల్డింగు మనిషిని పిలిపించి మాట్లు వేయించింది. మిగిలినవి బ్రేకులు. వాటిని ఆఖరికి పెట్టుకున్నది మరిచి కాదు. తన మొగుణ్ని చంపిన పైపును కళ్లారా చూడాలని ఉంది, చూడాలంటే భయంగానూ ఉంది. ఆ రెండిటి మధ్యా రోజులు జరుపుకుంటూ వచ్చింది. ఇక జరపడానికి లేదు. రేపు ఫిట్‌నెస్‌కు బండి చూపించాలి. తండాల ఆడవాళ్లు అప్పుడే పాల క్యాన్లు తోమి పెట్టుకున్నారు.

"నరేష్ వస్తనన్నడా?" లోపలి నుంచి బిక్షమ్మ కేకేసింది.

"వస్తనన్నడు అత్తా. బయలెల్లినా అని పొద్దుగాల్నే ఫోన్ జేసిండు."

నరేష్ ఆమె మరిది. మహబూబ్‌నగర్‌లో కరెంటు ఆఫీసులో ఉద్యోగం. అన్న పోయినప్పుడు భువనగిరిలో చదువుకుంటూ ఉండేవాడు. తర్వాత అతని ఫీజులూ బట్టలూ అన్నీ సుచరితే చూసుకుంది. మరిది అనే పేరే గానీ, కొడుకు లెక్కే. ఉద్యోగం వచ్చాక ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినా బండి ఉన్న వైపు నుంచి కాక పెరటి దారిన వస్తాడు. అన్న పోయిన బండి, చూడలేకపోతున్నాడులే అనుకుంది సుచరిత. బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చొని పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర మర తిప్పాలి. మామను అడగలేదు కాబట్టి మరిదిని అడిగింది. రెండు ఆదివారాలు ఏదో సాకు చెప్పాడు. ఈసారి తప్పించుకోలేకపోయాడు.

అతను వచ్చేలోగా పైపులన్నీ చూసి, పగిలినదాన్ని మార్చి పెట్టుకుందామని ఆమె ముందు ఎడమ చక్రం విప్పింది. టైరును దొర్లించుకుంటూ పోయి గోడకు ఆనించబోతూ ఆగింది.

టైరు మీది గీతలు చుట్టూ బాగానే ఉన్నాయి. ఒక్క చోట మాత్రం, అరచేయి పట్టేంత మేర, ఆకురాయితో రాకినట్టు చదునైపోయి లోపలి దారపు పోగులు బయటికి తేలాయి. ఒకే చోట బరువు ఆని అట్లా అయిందేమో అనుకుందామంటే, బండిని ఇంటికి తెచ్చిన నాడే రాంచందర్ ఇటుకలు పేర్చి పైకి నిలిపాడు. ఆ చక్రాలు అప్పటి నుంచి నేలకు తగిలిందే లేదు.

కుడి చక్రం విప్పింది. దానికీ అంతే. అదే మచ్చ.

కిందటి ఏడాది గుట్ట దిగుతుంటే మేక అడ్డం వచ్చి స్కూటీ బ్రేకు ఒక్కసారిగా పట్టింది తను. చక్రం తిరగడం ఆగిపోయి, కంకర మీద బరబరా గీసుకుంటూ పోయింది. ఇంటికొచ్చి చూసుకుంటే టైరు మీద ఇట్లాంటి మచ్చే, చిన్నది. తిరిగే చక్రం చుట్టూ అరుగుతుంది. ఒక్క చోటనే అరిగిందంటే అది తిరగలేదు. తిరగలేదంటే దాన్ని ఏదో గట్టిగా పట్టి ఆపింది.

బ్రేకు తప్ప ఇంకేం ఆపుతుంది?

ఆమె నేల మీద వెల్లకిలా పడుకొని బండి కిందికి జరిగింది. చేత్తో తడుముతూ ఒక్కో చక్రం దగ్గర నుంచి పైపు వెంట పోయింది. తుప్పు రాలి కళ్లలో పడింది, తుడుచుకోలేదు. పగిలిన చోటు లేదు. అతుకు అసలే లేదు. బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసింది. ఆయిల్ కషాయంలా నల్లగా మారింది, కానీ ఉంది. పైపు పగిలిన బండిలో ఆయిల్ ఎట్లా నిలుస్తుంది?

లేచి నిలబడింది. ఏం చేయాలో తోచక వాకిట్లో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచింది. మళ్లీ వచ్చి బండిలో ఎక్కి కూర్చుంది. ఇన్నాళ్లూ పట్టించుకోలేదు గానీ, స్టీరింగు చేతికి సరిగ్గా అందింది, కాళ్లు పెడళ్లకు సరిగ్గా ఆనాయి. సీటు వెనక్కి జరుపుదామని కింది మీట లాగింది. కదల్లేదు. ఆఖరి గాడి దాకా ముందుకు జరిపి ఉన్న సీటు, ఆ పట్టాల మీద అట్లాగే తుప్పుపట్టి అతుక్కుపోయింది.

విజేందర్ గుమ్మం దాటాలంటే తల వంచేవాడు. ఈ సీటులో అతను కూర్చుంటే మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకుంటాయి.

రాంచందర్ అరుగు మీద కూర్చొని మంచానికి నవారు అల్లుతున్నాడు. ఒకప్పుడు ఎంత కడిగినా నలుపు వదలని చేతులు అవి. ఇప్పుడు పూజారి చేతుల్లా తెల్లగా ఉన్నాయి. బండి వైపు చూడకుండా అల్లుతున్నాడు గానీ, పానా కింద పడ్డ చప్పుడైనప్పుడల్లా అతని చేయి ఒక క్షణం ఆగి మళ్లీ కదులుతోంది.

సుచరిత టైరును దొర్లించుకొని వచ్చి అతని కాళ్ల ముందు పడేసింది. దుమ్ము లేచింది.

"మామా."

అతను ఉలిక్కిపడి తలెత్తాడు. ఆ పిలుపు విని ఆరేళ్లయింది. లోపల గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"గీ టైరు జూడు మామా. గిదేంది?"

అతను చూశాడు. తర్వాత నవారు చేతికి చుట్టుకుంటూ అన్నాడు, "పాత టైరు బిడ్డా. అరిగింది."

"గీ ఒక్క జాగలనే అరుగుతదా?"

"ఎండకు, వానకు..."

"ఎండకు అరిగితే దారాలు బయటికొస్తయా? నేను మెకానిక్‌ను గాను, నువ్వే చెప్పు. పెద్ద మెకానిక్‌వు గదా నువ్వు! ఈ చుట్టుపట్ల నిన్ను మించినోడు లేడనేటోళ్లు. చక్రం తిరగకుంట రోడ్డు మీద గీసుకపోతేనే గిట్ల అయితది. అవునా, కాదా?"

రాంచందర్ కాలితో టైరును కొంచెం అవతలికి నెట్టాడు.

"ఆయిల్ డబ్బల ఆయిల్ ఉన్నది. పైపులన్నీ ఈ చేతులతోని తడిమి చూసిన. అతుకేసిన అంటివి గదా, ఏడున్నది అతుకు? రా, వచ్చి చూపియ్యి."

"మల్ల ఏసిన్రేమో... ఠాణల బండి శానా దినాలున్నది గదా."

"ఠాణల కొత్త పైపేసి పంపిచ్చిన్రా మామా? అయితే సీటు సంగతేంది? ఆయన ఎంత పొడుగుండె! సీటు ముంగటికి జరుపుకోని, కాళ్లు ముడుచుకోని నడిపిండా?"

బిక్షమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. చేతికి పిండి అంటి ఉంది. "ఏందే సుచరితా, ఏమయింది? మామ మీద గట్ల లేస్తున్నవేంది పొద్దుగాల పొద్దుగాల?"

"అత్తా, బ్రేకు ఫెయిల్ గాలే. ఆ దినం బ్రేకు మంచిగనే పట్టింది. గట్టిగ పట్టింది. మామ అబద్ధం చెప్పిండు మనకు. పంచాయితీల చెప్పిండు, ఠాణల చెప్పిండు, నా మొగని శవం కాడ నిలవడి నా మొఖం జూసి చెప్పిండు."

"తప్పు నా మీదేసుకున్న," రాంచందర్ మెల్లగా అన్నాడు. "వేరేటోళ్ల మీద ఎయ్యలే గదా. ఇప్పుడు గది తవ్వితే ఏమొస్తది బిడ్డా? నన్ను తిట్టుకో, ఎప్పటి లెక్కనే తిట్టుకో. పని నడుస్తాంది గదా."

ఆ మాటతో సుచరితకు లోపల ఏదో తెగింది. శవాన్ని ఎత్తిన నాడు తను అన్న మాట గుర్తొచ్చింది. నీ చేతులు పడిపోను, ఆ చేతులతోనే నీ కొడుకును చంపుకుంటివి అంది. అందరూ విన్నారు. ఆ మర్నాటి నుంచి ఎవరూ అతని షెడ్డుకు బండి తేలేదు. బ్రేకు అతుకేసి కొడుకును చంపుకున్నోడు అని ఆ పేరు పక్క ఊళ్ల దాకా పోయింది. అతను ఒక్క నాడూ కాదనలేదు. పొద్దున లేస్తే మొఖం కడుక్కున్నట్టు ఆ నింద మోసుకుంటూ తిరిగాడు.

"ఎవల కోసం మామా?" ఆమె గొంతు తగ్గింది. తగ్గిన గొంతే అతణ్ని ఎక్కువ భయపెట్టినట్టుంది. "ఎవల కోసం మోసినవ్? ఎవలు నడిపిన్రు బండి?"

గాలికి తలుపు కొట్టుకుంది. రాంచందర్ భార్య వైపు చూశాడు. ఆమె ముందు చెప్పడం ఇష్టం లేదని అతని కళ్లే చెప్పాయి. బిక్షమ్మ కదల్లేదు.

"నరేష్," అన్నాడు.

బిక్షమ్మ పిండి చేత్తోనే నోరు మూసుకుంది.

"పొల్లగానికి లైసెన్స్ లేదు. సెలవని ఇంటికొచ్చిండె. అన్న పక్కన కూసోని నేర్పిస్తుండె. నా షెడ్డు ముంగట్నే అయింది. నేను ఉరికి పోయేసరికి పెద్దోడు..." అతను గేటు అవతలి రోడ్డు వైపు చూశాడు. "పెద్దోడు ఇగ లేడు. చిన్నోడు రోడ్డు పక్కన కూసోని వణుకుతుండు. దెబ్బ గూడ లేదు వానికి. పొద్దుగాల జాము, ఎవలు లేరు. ఏం జెయ్యాలె బిడ్డా నేను? ఒకణ్ని మట్టిల పెట్టుకోని, ఇంకొకణ్ని జైలుకు తోల్కపోండ్రి అని చెప్పాల్నా? చేన్లకెల్లి పొమ్మన్న. భువనగిరికి పో, కాలేజీల గూసో, నీకేం తెల్వదు అన్న. గదే నేను జేసింది."

"నాకు గూడ చెప్పలే," బిక్షమ్మ అంది. అరవలేదు, ఏడవలేదు. "వాన్ని కన్నదాన్ని. నాకు గూడ చెప్పకపోతివి." ఆమె గడప మీదే కూలబడి, చేతికి అంటిన పిండిని వేలితో గీకుతూ ఉండిపోయింది.

సుచరిత మళ్లీ బండి దాకా పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆరేళ్లు ఒక మనిషి మీద పెట్టుకున్న కోపం, ఇప్పుడు దించుకోవడానికి చోటు లేక చేతుల్లో బరువుగా ఉండిపోయింది. నరేష్‌కు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది తను. ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే సంతోషం పట్టలేక వీధిలో అందరికీ మిఠాయి పంచింది. ఆ పిల్లవాడు తన ముందు కూర్చొని అన్నం తింటూ, తను మామను తిడుతుంటే వింటూ, తల వంచుకునేవాడు. అన్న మీది దుఃఖం అనుకుంది తను.

విజేందర్ పోయిన నాడు తను ఆలేరులో ఉంది, తల్లిగారింట్లో. తల్లికి దవాఖానలో ఆపరేషన్ అయి, చూసుకోవడానికి పోయింది. బ్రేకు ట్రయల్ చూద్దామని బండి తీశాడట, ఇట్లా అయిందట అని ఎవరో ఫోన్‌లో చెప్పారు. ఆ ఎవరో చెప్పిన మాటనే ఇన్నాళ్లూ నిజమనుకొని బతికింది.

"వాడొస్తే అడుగకు బిడ్డా," రాంచందర్ లేచి నిలబడి, చేతులు జోడించినంత పని చేశాడు. "నీ కాళ్లు మొక్కుత. వాడు ఇప్పుడిప్పుడే మనిషైతాండు. నీ మొఖం జూడలేక ఇంటికి రాకుంట తిరుగుతుండు. నువ్వు అడిగితే వాడు బతకడు."

ఆమె జవాబు చెప్పేలోగా వీధిలో మోటార్‌సైకిల్ ఆగిన చప్పుడైంది.

నరేష్ ఈసారి పెరటి దారిన రాలేదు. రావడానికి లేదు, పెరటి తలుపుకు బిక్షమ్మ గొళ్లెం పెట్టింది. గేటు తోసుకొని వచ్చి, దుమ్ము కొట్టుకున్న మొఖం తుడుచుకుంటూ నవ్వబోయాడు. పొట్టి మనిషి, తల్లి పోలిక. వాకిట్లో పడి ఉన్న టైరు చూశాడు, అరుగు మీద తండ్రిని చూశాడు, గడపలో తల్లిని చూశాడు. నవ్వు సగంలో ఆగింది.

"ఏమైంది వదినా?"

రాంచందర్ కోడలి వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఏం గాలే," అంది సుచరిత. తన గొంతు తనకే వేరే ఎవరిదో అనిపించింది. "చక్రాలు ఇప్పిన. కొత్త ఆయిల్ పోసి గాలి తియ్యాలె. ఎక్కి కూసో. నేను తొక్కుమన్నప్పుడు తొక్కు."

"బాపును తొక్కుమనరాదు..."

"నువ్వు ఎక్కు నరేష్."

అతను బండి దగ్గరకు పోయాడు. డోరు పట్టుకొని నిలబడ్డాడు. గాలికి చొక్కా ఒంటికి అతుక్కుపోయి, వీపు మీద చెమట మచ్చ కనిపిస్తోంది. ఎక్కాడు. సీటు జరుపుకోవాల్సిన అవసరం రాలేదు.

సుచరిత ఆయిల్ డబ్బాలో కొత్త ఆయిల్ నింపింది. వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చొని, గాలి తీసే మరకు సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడిగి, కింద సీసా పెట్టింది.

"తొక్కు."

పెడలు కిందికి పోయిన చప్పుడు. మర తిప్పింది. గొట్టంలోంచి నల్లటి ఆయిల్ బుడగలు బుడగలుగా వచ్చింది.

"పట్టుకో. ఇడువకు." మర బిగించింది. "ఇగ ఇడువు. మల్ల తొక్కు."

అట్లా తొక్కడం, పట్టడం, విడవడం. ఒక చక్రం అయింది, రెండోది అయింది. ఇద్దరి మధ్యా ఆ మూడు మాటలు తప్ప వేరే మాట లేదు. రాంచందర్ నవారు వదిలేసి అరుగు అంచుకు వచ్చి నిలబడ్డాడు. ముందు చక్రాల దగ్గరికి వచ్చేసరికి సీసాలోకి తేనె రంగు ఆయిల్ రావడం మొదలైంది, బుడగలు తగ్గాయి.

"తొక్కు."

ఈసారి పెడలు కొంచెమే కదిలి, గట్టిపడి ఆగింది. చేయి పెట్టి తిప్పి చూస్తే ముందు చక్రం బిగించే డిస్కు బిళ్ల కదల్లేదు. బ్రేకు పట్టింది.

"ఇడువు," అంది.

అతను విడవలేదు.

"నరేష్, ఇడువు."

ఆమె లేచి చూసింది. స్టీరింగు రెండు చేతులతో బిగించి పట్టుకొని, కాలు బ్రేకు మీద అదిమి, ఎదురుగా గేటు వైపు చూస్తున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీది దుమ్ములో చారలు కడుతున్నాయి.

"గిట్లనే పట్టింది వదినా," అన్నాడు. "ఆ దినం గూడ గిట్లనే పట్టింది. బ్రేకుల తప్పు లేకుండె."

"నాకెర్కయింది," సుచరిత అంది. "మామ చెప్పిండు. నువ్వే నడిపినవని చెప్పిండు. నేర్చుకుంటున్నవట."

నరేష్ తల తిప్పి ఆమెను చూశాడు. ఆ మాట ఎక్కడో తప్పుగా తగిలినట్టు మొఖం మారింది.

"నేర్చుకునుడా? నాకు ఎప్పట్నుంచో వచ్చు గదా వదినా బండి. బాపు షెడ్డుల బండ్లన్నీ నేనే జరుపుతుంటి. అన్నకు చేతులు వణుకుతుండె ఆ దినం. నా తోని గాదు, నువ్వు నడుపు అన్నడు."

"నరేష్!" అరుగు మీద నుంచి రాంచందర్ కేక వేశాడు. "దిగు. దిగి ఇంట్లకు పో."

"చేతులెందుకు వణికినయి ఆయనకు?" సుచరిత డోరు రెక్క పట్టుకుంది. "బ్రేకు గంత గట్టిగ ఎందుకు తొక్కినవ్? మేకనా, గొడ్డా, ఏమొచ్చింది అడ్డం?"

"మనిషి."

"ఎవలు?"

నరేష్ అద్దంలోంచి అరుగు వైపు చూశాడు. సుచరిత ఆ చూపు వెంట తిరిగింది. రాంచందర్ అరుగు దిగి వస్తున్నాడు. కొడుకును ఆపడానికి రెండు చేతులూ చాచి, వాకిట్లోకి నడిచి వస్తున్నాడు. నాలుగడుగుల్లోనే తానేం చేస్తున్నదీ తెలిసినట్టు ఆగి, చాచిన చేతుల్ని చూసుకొని, దించుకున్నాడు.

"బాపు," నరేష్ అన్నాడు. "షెడ్డుల నుంచి ఉరికొచ్చి రోడ్డు నడుమ నిలవడ్డడు. చేతులు చాపి. నేను గట్టిగ తొక్కిన వదినా. బండి తిరిగి పల్టి కొట్టింది. బాపుకు తాకలే. బండి పడ్డ దిక్కే అన్న కూసుండె."

గడపలో బిక్షమ్మ లేచి నిలబడింది. మైకులో పాట అయిపోయి వీధంతా సద్దుమణిగింది. గాలి ఒక్కటే వాకిట్లో దుమ్ము లేపుతోంది.

"సొంత కొడుకులు పోతుంటే అడ్డం నిలవడుడేంది?" సుచరిత మామను అడిగింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. నరేష్ వైపు తిరిగింది. "ఎటు పోతున్నరు మీరిద్దరు? పొద్దుగాల జామున, చేతులు వణుకుకుంట, ఎటు?"

"ఆలేరుకు."

"ఆలేరుకా?"

"నీ కాడికే వదినా," నరేష్ కాలు మెల్లగా బ్రేకు మీద నుంచి తీశాడు. "ముందటి రాత్రి అన్నకు ఒక సంగతి తెలిసింది. తెల్లారంగనే నీకు చెప్పాలె, దాసిపెడితే పాపమైతది అన్నడు. ఆ మాట నీ చెవుల పడొద్దనే బాపు రోడ్డుకు అడ్డం నిలవడ్డడు."